వేసవి సేవ ఎవరి కోసం?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లోని మన ఇళ్ళలో వేసవి సెలవులంటే ఒకప్పుడు నానీ ఇంటికి పోవడం, ఫజ్ర్ తర్వాత మసీదులో ఖుర్‌ఆన్ పాఠం, ఎండ ముదిరాక నీడపట్టున నిద్ర, సాయంత్రం పిల్లల ఆటలు. అంతకుమించి ఎవరూ ఆలోచించేవారు కాదు. ఇప్పుడు అవే ఇళ్ళలో ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది. "ఈ సెలవుల్లో పిల్లల చేత ఏం చేయిస్తే రేపు కాలేజీ దరఖాస్తులో పనికొస్తుంది? సేవా కార్యక్రమంలో చేర్పిస్తే సర్టిఫికెట్ ఇస్తారట కదా, దానికి విలువ ఉంటుందా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు.

ఈ ప్రశ్నను దురాశ అని కొట్టిపారేయడం న్యాయం కాదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఈ మూడూ వేరు జిల్లాలయ్యాయి. పాలమూరు అంటే వలస అని దేశమంతా అనుకున్న నేల ఇది. 2011 జనగణన లెక్కల్లో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు. ఇలాంటి చోట తండ్రి చదవని చదువు కొడుకు చదవాలని, తల్లి ఎక్కని కాలేజీ మెట్లు కూతురు ఎక్కాలని కోరుకోవడం మంచి కోరికే. విద్యార్జనను ఇస్లాం ఎంతగా ప్రోత్సహించిందో మనకు తెలుసు. కనుక మనం చర్చించవలసింది చదువు కోరవచ్చా లేదా అన్నది కాదు. ఆ కోరిక మన పిల్లల సత్కార్యాలను ఏం చేస్తోంది అన్నదే అసలు విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్ మొదటి సంవత్సరం ముగించిన ఒక అమ్మాయి తమ బస్తీలోని పదిమంది పిల్లలకు సెలవుల్లో రోజూ గంటసేపు అక్షరాలు నేర్పుతోంది. దరఖాస్తులో రాసుకోవచ్చని ఆమె ఆ పని మొదలుపెట్టింది. పిల్లలు నేర్చుకున్న అక్షరాలు మాత్రం నిజమైనవే. మరి ఆమె చేసింది ఆరాధనా, వ్యాపారమా? ప్రతిఫలం ఆశించింది గనుక మానేయాలా? చేసి కూడా దరఖాస్తులో రాయకుండా దాచుకోవాలా? లేక అందరూ చేస్తున్నదే గనుక ఆలోచించకుండా కానిచ్చేయాలా?

ముందు వాస్తవం తెలుసుకుందాం

ధర్మం చర్చించే ముందు లోకవ్యవహారం తేటతెల్లం చేసుకోవడం మంచిది. ఎందుకంటే ఈ ఆందోళనలో సగం తెలియనితనం వల్ల పుట్టిందే.

తెలంగాణలో ఇంజనీరింగ్ కన్వీనర్ సీటు ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టి వస్తుంది. 2024 నుంచి ఈఏపీసెట్‌గా పిలుస్తున్న ఆ పరీక్ష, వేసవిలో మీ అబ్బాయి ఎన్ని క్యాంపులకు వెళ్ళాడని అడగదు. మెడికల్ సీటుకు నీట్ మార్కులే ఆధారం. 2022లో వనపర్తిలోనూ నాగర్‌కర్నూలులోనూ, 2024లో గద్వాలలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటిలో చేరడానికి కూడా సేవా సర్టిఫికెట్ అక్కరకు రాదు. సాధారణ డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ ద్వారా జరుగుతున్నాయి, అక్కడ ప్రధానంగా చూసేది ఇంటర్ మార్కులు. ఎన్‌సీసీకి, క్రీడలకు కొద్దిపాటి ప్రత్యేక కోటా ఉంది. అయితే అది ఏళ్ళ తరబడి చేసిన సాధనకు దక్కేదే గాని ఒక వేసవిలో సంపాదించుకునేది కాదు.

మరి ఇలాంటి పనులకు విలువ ఎక్కడుంది? వ్యాసం రాయించుకొని, ఇంటర్వ్యూ చేసి చేర్చుకునే కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఉంది. విదేశీ చదువుల్లో ఉంది. అమెరికాలో డిగ్రీకి చాలా కాలేజీలు వాడే ఉమ్మడి దరఖాస్తులో విద్యార్థి తన పనులు పది దాకా రాసుకోవచ్చు, ఒక్కొక్కదాని వివరణకు 150 అక్షరాల చోటే ఉంటుంది. పీజీకి వెళ్ళేవారు తమ గురించి తాము ఒక వ్యాసం, అధ్యాపకుల సిఫారసు లేఖలు పంపాలి. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువులకు తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ పథకం 2015లో మొదలైన తర్వాత మన ఇళ్ళకు కూడా ఈ దరఖాస్తులు పరిచయమయ్యాయి. ఇక మన దేశంలో ఇంజనీరింగ్ చేరినవారు గ్రామసేవ వంటి పనులు చేసి 100 యాక్టివిటీ పాయింట్లు సంపాదించాలని ఏఐసీటీఈ 2018లో నిబంధన తెచ్చింది.

కనుక మన పిల్లల్లో ఎక్కువమందికి వేసవి సేవ వల్ల సీటు రాదు. ఇది నిరుత్సాహపడవలసిన మాట కాదు. దరఖాస్తు బెంగ లేకుండా, కేవలం దైవప్రసన్నత కోసం ఒక మంచిపని చేసే స్వేచ్ఛ వారికి ఉందన్నమాట. దరఖాస్తు రాయవలసివచ్చే కొద్దిమంది విషయంలోనే మన ప్రశ్న మిగిలి ఉంది.

సంకల్పం చేసే తేడా

కర్మల విలువ సంకల్పాన్ని బట్టే ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ హదీసు సంకలనాన్ని ఈ హదీసుతోనే ప్రారంభించారు. అందులో ప్రవక్త (స) ఇచ్చిన ఉదాహరణ హిజ్రత్. ఇల్లూ వాకిలీ వదిలి మదీనాకు వలసపోవడం కంటే పెద్ద త్యాగం ఆ రోజుల్లో ఏముంటుంది? అయినా అల్లాహ్ కోసం వెళ్ళినవారి హిజ్రత్ వేరు, ప్రాపంచిక లాభం కోసమో పెళ్ళి కోసమో వెళ్ళినవారి హిజ్రత్ వేరు అని ఆయన స్పష్టం చేశారు. నడిచిన దారి ఒక్కటే, దూరమూ ఒక్కటే. చేరిన గమ్యాలు మాత్రం వేరు.

సహీహ్ ముస్లింలో మరొక హదీసు ఉంది. ప్రళయదినాన మొట్టమొదట తీర్పు పొందేవారిలో ముగ్గురిని గురించి ప్రవక్త (స) హెచ్చరించారు. ఒకడు యుద్ధంలో ప్రాణమిచ్చినవాడు. రెండోవాడు జ్ఞానం నేర్చి ఇతరులకు నేర్పినవాడు, ఖుర్‌ఆన్ పారాయణం చేసినవాడు. మూడోవాడు ధారాళంగా దానం చేసినవాడు. పైకి చూస్తే ముగ్గురూ మహాత్ములే. కాని వీరుడు, పండితుడు, దాత అనిపించుకోవడమే వారి ఉద్దేశం. ఆ పేర్లు లోకంలో వారికి దక్కనే దక్కాయి. కనుక పరలోకంలో వారి కోసం ఏమీ మిగలలేదు.

ఈ హదీసును మన విషయానికి అన్వయించుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. సర్టిఫికెట్ కోసమే పని చేసినవాడికి సర్టిఫికెట్ అందింది. లెక్క అక్కడితో తీరిపోయింది. బఖరా సూరాలో అల్లాహ్ ప్రదర్శనాబుద్ధితో చేసే దానాన్ని నున్నటి బండమీద పేరుకున్న మట్టితో పోల్చాడు. పెద్ద వాన పడితే మట్టి కొట్టుకుపోయి బండ బండగానే మిగులుతుంది. మన ప్రాంతపు గుట్టల మీద తొలకరి వానలు చూసినవారికి ఈ పోలికను విప్పి చెప్పనక్కరలేదు.

లాభం ఆశించడమే పాపమా?

ఇంతవరకు చదివి, "అయితే దరఖాస్తు కోసం ఏ పనీ చేయకూడదన్నమాట" అని ఎవరైనా నిర్ణయానికి వస్తే అది తొందరపాటే. ఇస్లాం మనిషి స్వభావాన్ని ఎరిగిన ధర్మం.

హజ్ విషయమే చూడండి. అజ్ఞానకాలంలో హజ్ రోజుల్లో ఉకాజ్, మజన్నా, జుల్‌మజాజ్ అనే సంతలు జరిగేవి. ముస్లిములైన తర్వాత సహాబీలు హజ్ దినాల్లో అక్కడ వర్తకం చేయడం పాపమేమోనని సంకోచించారు. అప్పుడు బఖరా సూరాలోని ఆయతు అవతరించి, హజ్ సమయంలో ప్రభువు అనుగ్రహాన్ని, అంటే ఉపాధిని, అన్వేషించడం తప్పు కాదని వారి సంకోచం తీర్చింది. హజ్ అంతటి ఆరాధనతో పాటు న్యాయమైన లాభం కూడా కలిసివస్తే అల్లాహ్ కాదనలేదు. అలాంటప్పుడు, బస్తీ పిల్లలకు చదువు చెప్పిన అమ్మాయికి రేపు కాలేజీలో చోటు దొరికితే తప్పేముంది?

మేలు జరిగితే సంతోషించడం కూడా నేరం కాదు. అల్లాహ్ కోసం ఒక మంచిపని చేసినవాణ్ణి జనం మెచ్చుకుంటే ఏమవుతుందని ప్రవక్త (స)ను అడిగినప్పుడు, అది విశ్వాసికి ముందుగా అందే శుభవార్త అని ఆయన సెలవిచ్చారు. ప్రశంస దానంతట అది రావడం వేరు, దాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం వేరు.

రెండు ఉద్దేశాలూ కలిసిపోతే ఏమిటన్న సందేహాన్ని 1111లో మరణించిన ఇమాం గజాలీ (రహ్మ) తమ 'ఇహ్యా ఉలూముద్దీన్'లో విపులంగా చర్చించారు. ఏ ఉద్దేశం ఎంత బలంగా ఉందో దాన్ని బట్టి ఫలితం ఉంటుందన్నది ఆయన అభిప్రాయం. దైవప్రసన్నత ముందుండి లాభం వెనుక నడిస్తే పుణ్యం పూర్తిగా పోదు. లాభమే ముందుండి అల్లాహ్ పేరు వెనుక తగిలించి ఉంటే ఆ కర్మ చేసినవాడిని కాపాడదు. హజ్ యాత్రికుడి వర్తకాన్ని ఆయన కూడా ఉదాహరణగా తీసుకున్నారు. కనుక మన పిల్లలను అడగవలసిన ప్రశ్న "నీకు లాభం ఉందా?" అని కాదు. "రెండింటిలో ఏది ముందు నడుస్తోంది?" అని.

కారాగారంలో హజ్రత్ యూసుఫ్ (అలై)

దీన్ని అర్థం చేసుకోవడానికి ఖుర్‌ఆన్‌లోని హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం గొప్ప దారి చూపిస్తుంది. నిర్దోషిగా చెరసాలలో ఉన్న ఆయన దగ్గరకు ఇద్దరు ఖైదీలు తమ కలల అర్థం అడగడానికి వచ్చారు. ఆయనను మంచివాడిగా గుర్తించే వారు వచ్చారు. ఆయన ముందుగా వారికి తౌహీద్ బోధించారు, తర్వాత కలల భావం విప్పి చెప్పారు. అంతా అయిన తర్వాత, విడుదల కాబోయే మనిషితో రాజుగారి దగ్గర తన సంగతి ప్రస్తావించమని ఒక మాట అన్నారు.

ఇక్కడ గమనించవలసినది వరుస. సాయం ముందు, సిఫారసు తర్వాత. సిఫారసు చేస్తానంటేనే కలభావం చెబుతానని ఆయన షరతు పెట్టలేదు. తర్వాత ఏం జరిగింది? ఆ మనిషి మరచిపోయాడు. యూసుఫ్ (అలై) మరికొన్నేళ్ళు చెరలోనే ఉండిపోయారు. చివరికి రాజు కలగన్నప్పుడు అదే మనిషి మళ్ళీ వచ్చి అర్థం అడిగాడు. అప్పుడు యూసుఫ్ (అలై) "నన్ను ఇన్నాళ్ళు మరచిపోయావు కదా" అని నిష్ఠురమాడినట్లు ఖుర్‌ఆన్ చెప్పలేదు. ముందు నన్ను విడిపించు అని బేరమూ పెట్టలేదు. ఏడేళ్ళ పంట, ఏడేళ్ళ కరువు గురించి ఉన్నదంతా చెప్పేశారు. ఎందుకంటే అక్కడ ఒక దేశపు జనం ఆకలి ప్రశ్న ఉంది.

ఆ తర్వాత రాజు ఆయనను పిలిపించి ఆదరించినప్పుడు, ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని, తాను వాటిని కాపాడగలవాడినని, అందుకు కావలసిన జ్ఞానం తనకుందని ఆయనే చెప్పారు. అంటే అవసరమైన చోట తన అర్హతను తానే చెప్పుకున్నారు. అందులో డంబం లేదు, అబద్ధం లేదు. కనుక దరఖాస్తులో తాను చేసిన పనిని నిజాయితీగా రాయడాన్ని ఇస్లాం అభ్యంతరపెడుతుందని ఎవరైనా అంటే ఈ వృత్తాంతం చాలు వారికి సమాధానంగా. పైన మనం చెప్పుకున్న అమ్మాయి తాను చదువు చెప్పిన సంగతి దాచిపెట్టనవసరం లేదు. అయితే సిఫారసు మరచిపోబడ్డా చేసిన మేలు గురించి చింతించని మనసు కూడా ఆమెకు ఉండాలి.

ఎదుటి మనిషి ఎక్కడున్నాడు?

సంకల్పం గుండెలో ఉంటుంది. దాన్ని అల్లాహ్ తప్ప ఎవరూ చూడలేరు. తల్లిదండ్రులం మన పిల్లల గుండె చీల్చి చూడలేం. కాని సంకల్పం పనిమీద తన గుర్తులు వదులుతుంది. ఆ గుర్తులను చూడవచ్చు.

నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అలంపూర్ సీమలో, సీడ్ పత్తి సాగు ఎక్కువ. పూలకు క్రాసింగ్ చేసే రోజులు వస్తే బడి మానేసి చేలకు వెళ్ళే పిల్లలు ఉన్నారన్నది ఏళ్ళుగా అందరికీ తెలిసిన విషయం. అలాంటి పిల్లవాడు నాలుగో తరగతిలో ఉన్నా ఒత్తులు, గుణింతాలు కూడబలుక్కుంటూ చదువుతాడు. వేసవిలో ఎవరైనా అతనికి చదువు చెప్పడానికి వస్తే అతనికి ఎంత ఆశ కలుగుతుందో ఊహించండి. పదిహేను రోజులు గడిచాయి. ఫొటోలు వచ్చాయి, ధ్రువపత్రం చేతికి అందింది. నేర్పే మనిషి మరునాటి నుంచి రాలేదు. పిల్లవాడి చదువు గుణింతాల దగ్గరే ఆగిపోయింది. కాలేజీ దరఖాస్తులో అది నిండు పంక్తి. పిల్లవాడి పలకమీద అది సగం పంక్తి.

ఇక్కడే అసలు నష్టం ఉంది. ప్రదర్శనాబుద్ధి చేసినవాడి పుణ్యాన్ని పాడుచేస్తుందని మనం ఎప్పుడూ వింటూ ఉంటాం. అది అంతటితో ఆగదు, సేవ పొందిన మనిషిని కూడా ఒక సాధనంగా మార్చివేస్తుంది. నల్లమలలోని చెంచు పెంటకు వెళ్ళి, అక్కడివారికి ఏం కావాలో అడగకుండా తాము తెచ్చిన దుప్పట్లు పంచి, వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసుకొని ఎండ ముదరకముందే తిరిగివస్తే, ఎవరు ఎవరికి ఉపకారం చేసినట్లు? పేదవాడి ముఖం దరఖాస్తుకు అలంకారమయ్యింది. దానం చేసి దెప్పిపొడవడం, మనసు నొప్పించడం ఆ దానాన్నే వ్యర్థం చేస్తాయని బఖరా సూరా హెచ్చరిస్తోంది. మాటతోనే కాదు, కెమెరాతో కూడా మనసు నొప్పించవచ్చు.

మాఊన్ సూరా ఎంత చిన్నదో మన పిల్లలందరికీ తెలుసు, నమాజులో తరచు చదువుతారు. నమాజును ప్రదర్శనగా మార్చినవారిని, ఇరుగుపొరుగుకు చిన్నపాటి వాడుకవస్తువు ఇవ్వడానికి కూడా వెనుకాడేవారిని ఆ సూరా ఒకేచోట నిలబెట్టింది. నలుగురూ చూసేచోట భక్తి, ఎవరూ చూడని చోట పిసినారితనం. ఒకటి ఉన్నచోట రెండోది కూడా ఉంటుందన్న సంగతి ఇందులో బోధపడుతుంది. కనుక సంకల్పాన్ని పరీక్షించుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఈ పని ఎలా చేయాలో నిర్ణయించేది ఎదుటివారి అవసరమా, దరఖాస్తు అవసరమా? సర్టిఫికెట్ ఇవ్వమని చెప్పేస్తే రేపు కూడా నేను వస్తానా? కాగితం చేతికి అందిన మరునాడు కూడా వస్తానా? ఈ మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పగలిగితే ఆ పనిని దరఖాస్తులో రాసుకోవడానికి సంకోచించనక్కరలేదు.

అబద్ధపు దుస్తులు

ఇక్కడితో ఆగక కొందరు మరో మెట్టు దిగుతున్నారు. వెళ్ళని క్యాంపుకు వెళ్ళినట్లు, చేయని ఇంటర్న్‌షిప్ చేసినట్లు డబ్బిచ్చి కాగితం తెచ్చుకోవడం. "అందరూ చేస్తున్నదే" అని దానికి సర్ది చెప్పుకోవడం. తనకు లేనిదాన్ని ఉన్నట్లు ప్రదర్శించుకునేవాణ్ణి ప్రవక్త (స) రెండు అబద్ధపు వస్త్రాలు తొడుక్కున్నవాడితో పోల్చారు. ఒక అబద్ధం తనను గురించి, రెండో అబద్ధం తనకు సాక్ష్యమిచ్చిన కాగితాన్ని గురించి అనుకుంటే ఆ పోలిక మన కాలానికి సరిగ్గా అతుకుతుంది.

ఇది ఎంతదూరం పోతుందో 2019 మార్చిలో అమెరికాలో బయటపడింది. సింగర్ అనే దళారి ధనవంతుల పిల్లలకు పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీట్లు ఇప్పించడానికి, ఆడని ఆటల్లో వారు క్రీడాకారులైనట్లు తప్పుడు వివరాలు సృష్టించాడు. కోచ్‌లకు లంచాలిచ్చాడు, ప్రవేశపరీక్షల్లో మోసం చేయించాడు. తల్లిదండ్రులు పదుల సంఖ్యలో కేసుల్లో ఇరుక్కున్నారు, కొందరు జైలుకు వెళ్ళారు. 2023 జనవరిలో సింగర్‌కు మూడున్నరేళ్ళ జైలుశిక్ష పడింది. ఆ తల్లిదండ్రులకు డబ్బుకు కొరత లేదు. పిల్లలకు మంచి చదువు కావాలన్న కోరికా అసహజం కాదు. హద్దు దాటింది అబద్ధం దగ్గర. ఆ సీటు మరో పిల్లవాడిది అన్న సంగతి వారు మరచిపోయారు. ఇతరుల హక్కును కాజేయడం తౌబాతో మాత్రమే తీరిపోయే పాపం కాదు, హక్కుదారుకు అతని హక్కు తిరిగి ఇవ్వాలి. ఎవరి సీటు పోయిందో తెలియనప్పుడు ఎవరికి తిరిగి ఇస్తాం?

సెలవులు లేని పిల్లలు

మన ఇళ్ళలో మరో రకం పిల్లలున్నారు. వేసవి వస్తే అబ్బా వెంట పంక్చరు దుకాణంలో కూర్చునేవాడు, కుట్టుమిషను మీద అమ్మీకి సాయపడే అమ్మాయి, మగ్గం ఇంట్లో పెద్దలకు అందుబాటుగా ఉండేవాడు, మంచం పట్టిన దాదీకి అన్నం తినిపించి మందులు వేసే మనుమరాలు. క్యాంపులకు వెళ్ళడానికి వారికి తీరిక లేదు. అందుకని "మేం ఏమీ చేయలేదు" అని వారు సిగ్గుపడతారు. పిల్లలను చదువు మాన్పించి కూలికి పంపడాన్ని మేము సమర్థించడం లేదు. కాని సెలవుల్లో ఇంటి బరువు పంచుకున్న బిడ్డ ఏమీ చేయలేదని అనడం అన్యాయం. తల్లిదండ్రుల సేవకు అల్లాహ్ దగ్గర ఎంత స్థానముందో ప్రత్యేకంగా చెప్పాలా? బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ తన ఆరాధన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ప్రస్తావించాడు.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, పైన చెప్పుకున్న అమెరికా ఉమ్మడి దరఖాస్తులో కూడా జీతానికి చేసిన పని, కుటుంబ బాధ్యతలు అని విడి శీర్షికలే ఉన్నాయి. దాదీకి చేసిన సేవను అక్కడ గౌరవంగా రాసుకోవచ్చు. 2016 జనవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు విద్యావిభాగం ఒక నివేదిక విడుదల చేసింది. పనుల జాబితా పొడవు చూడవద్దని, ఎక్కువకాలం నిలకడగా చేసిన సేవను చూడాలని, కుటుంబం కోసం పిల్లలు మోసే బాధ్యతలకు విలువ ఇవ్వాలని అది కాలేజీలకు సూచించింది. కొద్దిదైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని ప్రవక్త (స) బోధించి పద్నాలుగు శతాబ్దాలు దాటింది.

ఏం ఎంచుకోవాలి?

కనుక ఎంపిక కాలేజీ వైపు నుంచి కాదు, మన వీధి వైపు నుంచి మొదలుకావాలి. మన వీధిలో ఎవరికి ఏం లోటు ఉంది? దాన్ని తీర్చే శక్తి మన బిడ్డకు ఎంత ఉంది? ఈ రెండూ కలిసేచోట వారి వేసవి పని ఉంటుంది.

బ్యాంకు ముందు, మీసేవ ముందు కాగితాలు పట్టుకొని ఎవరు రాసిపెడతారా అని ఎదురుచూసే వృద్ధులున్నారు. రోజూ రెండు గంటలు అక్కడ కూర్చొని దరఖాస్తులు నింపిపెట్టే ఇంటర్ విద్యార్థి వారికి కొడుకుతో సమానం. పదో తరగతి పాసైన పిల్లలకు పాలిసెట్ గురించి, వనపర్తిలో సంస్థానాధీశుల ప్రాసాదంలో నడుస్తున్న కేడీఆర్ పాలిటెక్నిక్ గురించి చెప్పేవారు లేక ఎందరో చదువు ఆపేస్తున్నారు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో ప్రవేశం ఎలాగో తెలియని తల్లిదండ్రులున్నారు. ఇంటింటికీ వెళ్ళి ఈ సమాచారం చెప్పడానికి ఖర్చేమీ లేదు. బస్టాండు దగ్గర చలివేంద్రంలో నీళ్ళు పోయడం, మసీదులో చిన్నపిల్లలకు ఖాయిదా చెప్పించడం, నాన్న చేసే వృత్తిని శ్రద్ధగా నేర్చుకోవడం కూడా మంచి ఎంపికలే. మతం చూడకుండా చేయండి. దాహానికి మతం లేదు, గుణింతాలకూ లేదు.

కాలేజీలో చేరాక నిలకడగా చేయాలనుకునేవారికి 1969లో మొదలైన ఎన్ఎస్ఎస్ ఉంది. అందులో ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. ఏది ఎంచుకున్నా ఒక్కటే ఎంచుకోండి, జూన్‌లో బడులు తెరిచాక కూడా వారానికి ఒకరోజైనా కొనసాగించండి. పదిమందికి చెప్పి సగంలో వదిలేయడం కంటే ఒక్క పిల్లవాడికి తప్పులు లేకుండా చదవడం వచ్చేదాకా నేర్పడం మేలు. చేసే పనుల్లో కనీసం ఒకదాన్ని ఎక్కడా రాయకుండా, ఎవరికీ చెప్పకుండా ఉంచండి. దానాన్ని బహిరంగంగా ఇవ్వడం మంచిదేనని, రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత మేలని బఖరా సూరా చెబుతోంది. ఆ రహస్యమైన పని మిగతా పనులన్నింటి సంకల్పాన్నీ కాపాడుతుంది.

తల్లిదండ్రులారా!

"మేము ఇలా పద్ధతిగా ఉంటే మా పిల్లలు వెనుకబడిపోరా? ఎదుటివాళ్ళు కొనుక్కొచ్చిన కాగితాలతో ముందుకు పోతుంటే మావాళ్ళు చూస్తూ ఉండాలా?" అని మీరు అడగవచ్చు. ఈ భయం నిజమైనది. ఒక్కోసారి అబద్ధం చెప్పినవాడికి సీటు దొరుకుతుంది, నిజం చెప్పినవాడికి దొరకదు. అలా జరగదని మేము మీకు హామీ ఇవ్వలేం. కాని ఉపాధి అల్లాహ్ చేతిలో ఉందని నమాజు తర్వాత దుఆ చేసే మనం, దరఖాస్తు నింపేటప్పుడు ఆ నమ్మకాన్ని పక్కన పెడితే పిల్లలు ఏం నేర్చుకుంటారు? మనం నోటితో చెప్పింది కాదు, చేత్తో రాయించింది నేర్చుకుంటారు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి అలంపూర్‌ను, రాజోలిని ముంచెత్తింది. వరద తీశాక ఇళ్ళలో నిండిన బురద ఎత్తిపోయడానికి, ఆకలిగొన్నవారికి అన్నం అందించడానికి సాయపడినవారి పేర్లు ఏ దరఖాస్తులోనూ లేవు. వారి పేర్లు తెలిసినవాడు ఒకడున్నాడు. ఆయన దగ్గర ఏ పంక్తీ చెరిగిపోదు. ప్రతిఫలం గాని కృతజ్ఞత గాని కోరకుండా, కేవలం దైవప్రసన్నత కోసం పేదలకు, అనాథలకు, ఖైదీలకు అన్నం పెట్టేవారిని దహ్ర్ సూరా స్వర్గవాసులుగా వర్ణించింది. మన పిల్లలు కాలేజీలో చేరాలి, తప్పకుండా చేరాలి. కాని వారి చేతిలోని దరఖాస్తులో ఏముందో, ఆ రోజు కుడిచేతికి అందబోయే కర్మలచిట్టాలోనూ అదే ఉండేలా చూడడం మన బాధ్యత.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, నిర్మలమైన సంకల్పాన్ని ప్రసాదించుగాక! వారి చేతుల మీదుగా పేదల ఇళ్ళలో వెలుగు నింపుగాక! ప్రదర్శనాబుద్ధి నుంచి, అబద్ధం నుంచి వారినీ మననూ కాపాడుగాక! ఆమీన్.